తప్పులు లేని బడి

ఆ బడిలో తప్పులు జరగవు. జరిగినా వాటిని తప్పులనరు.

మెట్ల సంగతే చూడండి. బడి కట్టిన మేస్త్రీ పైన ఇంకో అంతస్తు వస్తుందనుకుని మెట్లు కట్టేశాడు. అంతస్తు రాలేదు. మెట్లు తిన్నగా పైకెళ్ళి గోడకి ముక్కు ఆనించి ఆగిపోయాయి. మరో చోటైతే మేస్త్రీని పిలిచి నాలుగు చీవాట్లు పెట్టి వాటిని పీకించేవాళ్ళు. ఇక్కడ పెద్ద మేడమ్ నడుం మీద చేతులు పెట్టుకుని ఆ మెట్లని కాసేపు చూసి, "ఇదే మన పద్ధతి" అంది. ఆ మర్నాటి నుంచీ పిల్లలందరూ పొద్దున్నే వరసగా మెట్లెక్కి, గోడని ముట్టుకుని, దిగి రావాలి. ఆ పీరియడు పేరు ఎదుగుదల.

దర్జీ యూనిఫాం చొక్కాలకి గుండీలు వెనకవైపు కుట్టుకొచ్చాడు. "మన గుండీలు మనం పెట్టుకోం. ఒకరివి ఒకరు పెడతాం. ఇదే మన పద్ధతి" అంది పెద్ద మేడమ్. అప్పటి నుంచీ ప్రార్థనకి ముందు బడంతా గుండ్రంగా నిలబడి, ముందున్నవాళ్ళ వీపుతో కుస్తీ పడుతుంది. ఒకసారి ఆవిడే నోరు జారి ఏడెనిమిదులు యాభై నాలుగు అనేసింది. అన్నమాట వెనక్కి తీసుకోవడం ఆవిడకి చేతకాదు. కాబట్టి ఆ ప్రహరీ గోడ లోపల ఏడెనిమిదులు యాభై నాలుగు, గేటు దాటితే యాభై ఆరు. పాపం లెక్కల మాస్టారు, ఆ వారమంతా అన్నం సయించక సగమయ్యాడు.

ఇంకో సంగతి. తప్పు అనే మాట ఆ బడిలో ఎవరూ పలకకూడదు. పలికితే ఆ మెట్లెక్కి, గోడకి ముఖం పెట్టి, ఎవరో ఒకరు వచ్చి పిలిచేదాకా నిలబడాలి. ఈ నియమం పిల్లలకీ పెద్దలకీ ఒకటే.

ఇక తలుపులు. అసలు గొడవంతా వాటితోనే.

వడ్రంగి తలుపులన్నీ తిరగేసి బిగించాడు. పిడి బయటివైపే ఉంటుంది, లోపలివైపు ఒట్టి చెక్క. తలుపు మూస్తే చాలు, తాళంలోని ఇనుప నాలుక టక్కున వెళ్ళి గుమ్మంలోని కన్నంలో కూర్చుంటుంది. ఆ తర్వాత బయటి నుంచి ఎవరో ఒకరు పిడి తిప్పాల్సిందే. లోపలున్నవాళ్ళు తలకిందులుగా తపస్సు చేసినా రాదు. ఆ తలుపుల్ని మొదటిసారి చూసినప్పుడు పెద్ద మేడమ్ ముఖం ఒక్క క్షణం వాడిపోయిందని, తను కళ్ళారా చూశానని గంటలు కొట్టే తాత చెబుతుంటాడు. వాడిపోయినా మాట మాత్రం వాడలేదు. "మన తలుపు మనం తీసుకోం. ఒకరిది ఒకరు తీస్తాం" అంది.

ఆ ప్రకారం సాయంత్రం గంట కొట్టగానే గంటల తాత ఒకటో తరగతి తలుపు తీస్తాడు. ఒకటో తరగతి పిల్లలు పరిగెత్తుకెళ్ళి రెండో తరగతి తలుపు తీస్తారు. రెండు వాళ్ళు మూడు, మూడు వాళ్ళు నాలుగు, నాలుగు వాళ్ళు ఐదు. ఆఖర్న ఐదో తరగతి వాళ్ళు పెద్ద మేడమ్ గది తలుపు తీస్తారు. ఆవిడ గదికీ అదే తలుపు మరి. మధ్యలో ఎవరికైనా బయటికి వెళ్ళాల్సిన అవసరం పడితే తలుపు బాదుతారు, వరండాలో స్టూలేసుకుని కూర్చున్న తాత మోకాళ్ళు పట్టుకుని లేచి వస్తాడు.

నాలుగో తరగతిలో ఒక పిల్ల ఉంది. ఎవరేం చెప్పినా చివర "మరి అప్పుడో?" అని ఒక తోక తగిలిస్తుంది. వానొస్తే సెలవంటే, "మరి సెలవిచ్చాక వాన ఆగిపోతే, అప్పుడో?" అంటుంది. అందుకని దానికి తోకపిల్ల అని పేరు పడింది.

తోకపిల్లకి ఒక తమ్ముడు. పుట్టినప్పుడు వాడు పెట్టిన కేకలకి ఆస్పత్రి దద్దరిల్లిందని వాడికి పిడుగు అని ముద్దుపేరు పెట్టారు. తీరా పెరిగాక చూస్తే వాడంత పిరికివాడు ఆ వీధిలోనే లేడు. మూసిన తలుపంటే వాడికి ప్రాణం మీదికి వస్తుంది. స్నానాలగదిలో కూడా తలుపు తీసే నీళ్ళు పోసుకుంటాడు, అక్క బయట కాపలా ఉండాలి.

అలాంటివాడిని ఈ బడిలో వెయ్యాల్సి వచ్చింది. నాన్న లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. అమ్మ బట్టలు కుట్టే చోట పని చేస్తుంది. వాణ్ణి అక్కడికి తీసుకెళితే, ఇస్త్రీ పెట్టెల మధ్య పిల్లలేంటని యజమాని ఒకటికి రెండుసార్లు గదమాయించాడు. "వాడు బడికి పోనని మొండికేస్తే నేను పని మానెయ్యాల్సిందే" అంది అమ్మ ఒక రాత్రి. తోకపిల్లకి చెప్పలేదు, గోడకి చెప్పుకుంది. తోకపిల్ల వింది.

మర్నాడు తమ్ముణ్ణి కూర్చోబెట్టి మాటిచ్చింది. "గంట కొట్టాక అందరూ వెళ్ళిపోయినా సరే, నువ్వు నీ చోట్లోనే కూర్చో. నేను వచ్చి గుమ్మంలో నిలబడతా. నేను వచ్చేదాకా కదలొద్దు. నేను రాకపోవడం అంటూ ఉండదు."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆ ఒట్టు మీదే వాడు బడికి వస్తున్నాడు. ఏడవడం లేదు, పేచీ లేదు. ఒక్కటే చిక్కు, రోజుకో రబ్బరు పారేసుకుని వస్తాడు. "రబ్బర్లు తింటున్నావేంట్రా?" అని అమ్మ అడిగితే నేలచూపులు చూస్తాడే తప్ప నోరు విప్పడు. కొనలేక అమ్మ చేతులెత్తేస్తే, తోకపిల్ల తన పెద్ద రబ్బరుని బ్లేడుతో ముక్కలు కోసి, రోజూ పొద్దున్న ఒకటో రెండో వాడి జేబులో వేస్తోంది.

గొడవ జరిగిన రోజు మధ్యాహ్నం అన్నాల వేళ గంటల తాత సంచీ భుజాన వేసుకుని బయల్దేరాడు. కూతురు ఇల్లు మారుతోందట, సామాను దింపడానికి మనిషి కావాలట. తాతని గేటు దాకా పంపి వచ్చి, పెద్ద మేడమ్ అందరినీ లోపలి వాకిట్లో నిలబెట్టింది.

"తాత లేకపోతే బడి ఆగిపోతుందా? ఆగిపోదు" అంది. "గంట తాడు ఎలాగూ నా గదిలోకి కూడా వస్తుంది. గంట నేనే కొడతాను. ఒకటో తరగతి తలుపు కూడా తాత బదులు నేనే వచ్చి తీస్తాను. మిగతాదంతా మామూలే."

అందరూ చప్పట్లు కొట్టారు. టీచర్లు ఇంకాస్త గట్టిగా కొట్టారు.

తోకపిల్ల కొట్టలేదు. మనసులోనే ఒక్కో తలుపు దగ్గరికీ వెళ్ళి చూసుకుంటోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, పెద్ద మేడమ్ గది. అక్కడి నుంచి మళ్ళీ ఒకటి. చెయ్యెత్తింది.

"మరి అప్పుడో, మేడమ్?"

"అప్పుడేంటి?"

"మీ తలుపు ఎవరు తీస్తారండీ?"

"ఐదో తరగతి."

"ఐదో తరగతి తలుపు?"

"నాలుగు."

"నాలుగుది మూడు, మూడుది రెండు, రెండుది ఒకటి. మరి ఒకటో తరగతిది?"

"నేనమ్మా! ఇప్పుడేగా చెప్పాను!" పెద్ద మేడమ్ ముఖం చిట్లించింది. "ప్రతి తలుపుకీ తీసే మనిషి ఉన్నారా లేదా? లెక్క సరిపోయిందా లేదా, మాస్టారూ?"

లెక్కల మాస్టారు వేళ్ళు ముడుచుకుని చూసుకున్నాడు. ఒకసారి తోకపిల్ల వంక చూశాడు. మేడమ్ యాభై నాలుగు అన్న రోజు నుంచీ ఆయనకి ఎదురు చెప్పే ఓపిక పోయింది. "సరిపోయిందండీ" అన్నాడు నీళ్ళు నములుతూ.

"అందరం ఒకేసారి లోపలుంటే, అప్పుడో?" తోకపిల్ల గొంతు సన్నగా వచ్చింది.

"పొద్దున్న గుండీలు ఎలా పెట్టుకుంటున్నారు? ఒకరి వెనక ఒకరు నిలబడి కాదూ? ఇదీ అంతే. తోకలు చుట్టుకుని క్లాసులకి పదండి!"

పిల్లలు పకపకా నవ్వారు. గుండీల సంగతి వేరు, గుండీల దగ్గర మధ్యలో తలుపుల్లేవు అని చెప్పాలని తోకపిల్ల నోటి చివరి దాకా వచ్చింది. ఒక్క మాటలో చెప్పాలంటే ఆ పలకకూడని మాటే పలకాలి. పలికితే సాయంత్రం మెట్ల మీద గోడ చూస్తూ నిలబడాలి, తమ్ముడి గుమ్మంలో నిలబడడానికి ఉండదు. అందుకని నోరు మూసుకుంది.

తరగతిలోకి ఆఖర్న వచ్చి, తలుపు పూర్తిగా పడకుండా గుమ్మంలో కాలు అడ్డం పెట్టి నిలబడింది. వరండాలో పెద్ద మేడమ్ ఒక్కో తలుపూ సరిగ్గా పడిందో లేదో చూసుకుంటూ వస్తోంది. "కాలు తియ్యమ్మా" అన్నాడు ఆ తరగతి చూసే లెక్కల మాస్టారు నెమ్మదిగా, నేల వంక చూస్తూ. తీసింది. టక్. పక్క గదిలో టక్. ఆ పక్కన టక్. ఆఖర్న వరండా చివర పెద్ద మేడమ్ గది తలుపు కూడా టక్కుమంది. ఆ చప్పుడుతో బడి మొత్తం మూతపడిపోయింది, ఆ సంగతి తోకపిల్లకి తప్ప ఇంకెవరికీ పట్టలేదు.

ఆ మధ్యాహ్నం ఎంతకీ కదల్లేదు. కిటికీలకి గట్టి ఊచలు, అవీ లోపలి వాకిలి వైపే. బయటి వీధి కనిపించదు, వీధిలోవాళ్ళకి వీళ్ళు కనిపించరు. ఇంకా అందరూ మామూలుగా నోట్సు రాసుకుంటున్నారు, ఒకణ్ణొకడు గిల్లుకుంటున్నారు. తోకపిల్లకి మాత్రం గోడలు దగ్గరికి జరుగుతున్నట్టుంది. తలుపు తెరుచుకోదని తెలిసి కూర్చోవడం కంటే తెలియకుండా కూర్చోవడమే నయమనిపించింది. పక్కనున్న పిల్లతో చెబుదామనుకుంది, చెబితే భయం ఇద్దరికవుతుందే గాని తగ్గదని ఊరుకుంది.

దాని ఎదురుగా నల్లబల్ల ఉంది. ఆ బల్లకీ ఒక కథ ఉంది. నాలుగో తరగతికీ ఒకటో తరగతికీ మధ్య గోడలో మేస్త్రీ కిటికీకని ఖాళీ వదిలేసి మరిచిపోయాడు. ఆ ఖాళీలో ఒకే బల్ల దూర్చి రెండువైపులా నలుపు పూయించింది పెద్ద మేడమ్. ఇటు లెక్కల మాస్టారు గట్టిగా చుక్క పెడితే అటు కునుకు టీచరు రాసిన అక్షరాలు వణుకుతాయి. ఒకటో తరగతి టీచరమ్మకి మధ్యాహ్నమైతే కుర్చీలోనే కునుకు పడుతుంది, అందుకని ఆవిడకి ఆ పేరు. ఆ బల్లకి అటువైపు, సరిగ్గా దాని కిందే, పిడుగు చోటు.

గంట మోగింది.

పిల్లలు సంచులు సర్దుకుని తలుపు దగ్గర వరస కట్టారు. మూడో తరగతి వాళ్ళు రావాలి, పిడి తిప్పాలి. అందరి చెవులూ తలుపు మీదే ఉన్నాయి. ఎవరూ రాలేదు.

"వస్తార్లే" అన్నాడు వరసలో మొదటివాడు.

గంట మళ్ళీ మోగింది. ఈసారి ఇంకాస్త గట్టిగా. తర్వాత ఆగకుండా మోగడం మొదలుపెట్టింది. గణగణా, గణగణా, ఎవరో తాడుకి వేలాడుతున్నట్టు. అప్పుడే వరండాలో దీపం ఆరిపోయింది, కరెంటు పోయింది. పెద్ద మేడమ్ గదికి కిటికీ లేదు, మేస్త్రీ పెట్టడం మరిచిపోతే "వెలుగు మనసులో ఉండాలి" అని అదొక పద్ధతి అయింది. గంట ఇంకాసేపు పిచ్చిగా మోగి ఠక్కున ఆగిపోయింది.

లెక్కల మాస్టారు తలుపు బాదాడు. ఐదో తరగతి వాళ్ళు అటు నుంచి వీళ్ళ గోడ బాదారు. "నాలుగూ! వచ్చి తలుపు తియ్యండి!" అని అరిచారు.

"మూడు వాళ్ళు తీస్తేగా!" అని వీళ్ళు అరిచారు.

"రెండు వాళ్ళు తీస్తేగా!" అని దూరంగా మూడో తరగతి అరిచింది.

అరుపు గదిగదికీ తిరిగి, తిరిగి, మళ్ళీ ఐదో తరగతి దగ్గరికి వచ్చి చేరింది. అప్పుడు బడికి విషయం తలకెక్కింది. మొదట ఒకడి ఏడుపు, వెంటనే పదిమంది ఏడుపు.

వరండాలో ఫోను మోగింది. ఆ బడికి ఉన్న ఫోను అదొక్కటే, పెట్టడానికి వచ్చినవాడు దాన్ని వరండా స్తంభానికి బిగించి పోయాడు. మోగింది, మోగింది. పిల్లలు ఇంకా ఇంటికి రాలేదేమని ఏ తల్లో చేసి ఉంటుంది. అమ్మేనేమో అనుకుంది తోకపిల్ల. ఊచల్లోంచి చెయ్యి చాపితే గాలి తప్ప ఏమీ అందలేదు. ఫోను అలసిపోయి ఊరుకుంది.

ఆ ఏడుపుల మధ్య బల్ల వెనక నుంచి సన్నగా వినిపించింది.

"అక్కా."

తోకపిల్ల ఒక్క గెంతున బల్ల దగ్గరికి వెళ్ళింది. "పిడుగూ, ఇక్కడే ఉన్నాన్రా!"

"గంట కొట్టేశారు."

"అవును."

"నువ్వు రాలేదు."

"వస్తున్నాన్రా. మా తలుపు..."

"రాకపోవడం అంటూ ఉండదన్నావు." వాడు ఏడవడం లేదు. అదే దాని ప్రాణం తోడేసింది. వాడు గట్టిగా ఏడిస్తే ఓదార్చొచ్చు. ఇది నమ్మకం పోగొట్టుకున్న గొంతు. రేపు పొద్దున్న ఈ గొంతుతోనే బడికి రానంటాడు, అమ్మ పని మానేస్తుంది, ఇంకెప్పుడూ ఏ ఒట్టూ నమ్మడు.

తోకపిల్లకి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. "మాస్టారూ, ఈ బల్ల ఊడదీద్దాం" అంది.

"బల్ల ముట్టుకోకూడదమ్మా. పద్ధతి..."

"పద్ధతి కాదండీ! తప్పండీ! తలుపులు తప్పు, బల్ల తప్పు, ఇందాక మీరు సరిపోయిందనడం తప్పు!"

తరగతంతా నోరు వెళ్ళబెట్టింది. ఆ మాట ఆ గోడల మధ్య ఎవరూ అంత గట్టిగా పలకలేదు. మాస్టారు చేతిలోని సుద్దముక్కని చూసుకున్నాడు. ఆ తర్వాత దాన్ని జేబులో వేసుకుని, చొక్కా చేతులు పైకి మడిచి, "అటు పట్టుకోండర్రా" అన్నాడు.

చాలాకాలంగా మాస్టారి చుక్కలకి వదులైపోయిన బల్ల అది. నలుగురు పట్టి ఊపగానే కిర్రుమని, సుద్దపొడి పొగలా రాల్చుకుంటూ ఇటు వచ్చేసింది. అటు కుర్చీలో అంత గోలకీ మెలకువ రాని కునుకు టీచరు ఉలిక్కిపడి లేచి, బల్ల ఉండాల్సిన చోట లెక్కల మాస్టారి ముఖం చూసి కెవ్వుమంది. తోకపిల్ల ఆ ఖాళీలోంచి దూరి అటువైపు దబ్బుమని పడింది. మోకాలు చీరుకుపోయింది.

లేచి తిన్నగా తలుపు దగ్గరికి నడిచింది. గుమ్మంలో నిలబడతానని కదా మాటిచ్చింది, మూసిన తలుపు ముందే నిలబడింది.

"వచ్చాను" అంది.

మిగతా పిల్లలు పెద్ద మేడమ్ వచ్చి తీస్తుందని తలుపు ముట్టకుండా వరస కట్టి నిలబడి ఉన్నారు. పిడుగు తన చోట్లోనే, చేతులు కట్టుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అక్కని పైనుంచి కిందిదాకా చూశాడు. సుద్దపొడితో జుట్టంతా తెల్లబడి ఉంది. "గోడలోంచి వచ్చావా?" అన్నాడు.

"ఊఁ."

"అయితే సరే." లేచి సంచీ తగిలించుకున్నాడు. "ఇంటికి పోదాం పద."

తోకపిల్ల తల అడ్డంగా ఊపింది. "ఇంటికి పోలేం రా. నేను నీ దగ్గరికి రాగలిగాను, అంతే. ఈ తలుపు కూడా తెరుచుకోదు. బయట తీసేవాళ్ళు ఎవరూ లేరు."

"తెరుచుకుంటుంది" అన్నాడు వాడు.

వచ్చి, రెండు చేతులతో తలుపుని నెట్టాడు. అది నోరు మెదపకుండా తెరుచుకుంది. గుమ్మంలోని కన్నం నుంచి ఏదో రాలి నేల మీద గెంతింది. నొక్కులు పడిన రబ్బరు ముక్క.

తోకపిల్ల వంగి చూసింది. ఆ ముక్కని తనే పొద్దున్న బ్లేడుతో కోసింది.

"రోజూ పెడతా" అన్నాడు పిడుగు, దొంగ దొరికిపోయినట్టు. "అందరికంటే ఆఖర్న లోపలికి వచ్చి కన్నంలో కుక్కుతా. అప్పుడు తలుపు మూసినట్టు ఉంటుంది గాని పడదు. సాయంత్రం తీసేటప్పుడు కింద పడిపోతుంది, తాత ఊడ్చేస్తాడు. అమ్మకి చెప్పకే."

"మరి ఇంతసేపూ... తలుపు తీసుకుని బయటికి రావచ్చు కదరా! బడంతా ఏడుస్తోంది!"

వాడు తెల్లబోయి చూశాడు. "నువ్వొచ్చేదాకా కదలొద్దన్నావుగా."

తోకపిల్ల వాణ్ణి దగ్గరికి లాక్కుంది. వాడి చొక్కా వెనక గుండీలు రెండు ఊడి ఉన్నాయి. అవి పెడుతూ కాసేపు ముఖం వాడికి కనిపించకుండా దాచుకుంది.

బయటికొచ్చాక ఒకటో తరగతి పిల్లలు అలవాటుగా రెండో తరగతి తలుపు వైపు పరుగు పెట్టారు. పిడుగు మాత్రం వరండా చివర చెవి పెట్టి ఆగిపోయాడు. "ఎవరో ఏడుస్తున్నారక్కా" అన్నాడు. "గట్టిగా కాదు, నోట్లో గుడ్డ పెట్టుకుని." ఆ రకం ఏడుపు వాడికి తెలిసినంతగా ఆ బడిలో ఇంకెవరికీ తెలీదు.

పెద్ద మేడమ్ గది అది. తోకపిల్ల తలుపు తట్టింది.

"ఎవరది?" లోపలి నుంచి వచ్చిన గొంతు ఆవిడదంటే నమ్మడం కష్టం.

"నాలుగో తరగతండీ."

"నా తలుపు... ఐదో తరగతి తీయాలి." నోరు అలవాటు కొద్దీ అనేసింది. కాస్సేపాగి, "సరే, తియ్యమ్మా. తొందరగా తియ్యి" అంది.

తోకపిల్ల పిడి తిప్పింది. లోపల చీకటి. పెద్ద మేడమ్ తలుపుకి ఎంత దగ్గరగా నిలబడి ఉందంటే, తెరవగానే బయటికి తూలింది. అరచేతులు ఎర్రగా కందిపోయాయి, కళ్ళూ అంతే. చేతిరుమాలుతో ముఖం తుడుచుకుని, జుట్టు సవరించుకుని, ఎప్పటి మనిషయ్యే ప్రయత్నం చేసింది. ఈలోగా తలుపులు ఒక్కొక్కటీ తెరుచుకుని పిల్లలూ టీచర్లూ వరండాలోకి వచ్చేశారు.

"ఒకటో తరగతి తలుపు ఎవరు తీశారు?" అంది పెద్ద మేడమ్.

తోకపిల్ల తమ్ముణ్ణి వెనక్కి నెట్టబోయింది. వాడు అప్పటికే పిడికిలి విప్పి చూపించేశాడు. "నేనే. కన్నంలో ఇది పెట్టా. తలుపు పడితే నాకు భయం."

పెద్ద మేడమ్ రబ్బరు ముక్కని చూసింది, తలుపుని చూసింది. మెల్లగా చేతులు నడుం మీదికి వెళ్ళాయి. తర్వాతి మాటేంటో అందరికీ తెలుసు. రేపటి నుంచి తలకో రబ్బరు తెచ్చుకోవాలి, దానికో పీరియడు, దానికో పేరు.

"ఇదే మన..." అని మొదలుపెట్టింది.

పిడుగు జేబులో వెతికి ఇంకో ముక్క తీశాడు. "నీకూ భయమేసిందా, మేడమ్?" అన్నాడు. "ఇది తీసుకో. పెడితే పడదు."

పెద్ద మేడమ్ నడుం మీది చేతులు జారాయి. వంగి, వాడి చేతిలోంచి ఆ ముక్క తీసుకుంది.

"తలుపులు తప్పుగా బిగించారు" అంది. "మొదటి రోజే చూశాను. చూసి కూడా ఊరుకున్నాను. వడ్రంగిది కాదు, తప్పు నాది. మధ్యాహ్నం ఈ పిల్ల చెబుతుంటే నవ్వులపాలు చేశాను. అదీ తప్పే."

అని, ఎవరేమీ అనకముందే, తిన్నగా వెళ్ళి ఆ మెట్లెక్కింది. పైదాకా వెళ్ళి గోడకి ముఖం పెట్టి నిలబడింది. ఆ మాట పలికినవాళ్ళకి నియమం అదే మరి.

పిల్లలెవరూ నవ్వలేదు. తోకపిల్లకి తను కూడా ఆ మాట పలికానని గుర్తొచ్చింది. వెళ్ళి ఆవిడ పక్కన నిలబడింది. వెనకాలే లెక్కల మాస్టారు కూడా వచ్చాడు. "నేనింకా అనలేదు, ఇప్పుడు అంటాను" అని గొంతు సవరించుకుని, "యాభై నాలుగు తప్పు. ఏడెనిమిదులు యాభై ఆరు!" అని గోడకేసి అరిచాడు. అరిచాక ఆయన ముఖంలోకి రక్తం వచ్చింది.

పిడుగు కాసేపు కింద నిలబడి చూశాడు. తర్వాత ఒక్కో మెట్టూ ఎక్కి వెళ్ళి పెద్ద మేడమ్ వేలు పట్టుకున్నాడు. "గోడ చూసింది చాల్లే, రా. అందరూ ఇంటికి పోవాలి" అన్నాడు. ఎవరో ఒకరు వచ్చి పిలిస్తే దిగొచ్చు, అదీ నియమమే. నలుగురూ దిగారు.

ఆ వారంలోనే వడ్రంగి వచ్చి పిడులు లోపలివైపు కూడా బిగించాడు. మెట్లు అలాగే ఉన్నాయి, కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి బాగున్నాయని పిల్లలే ఉంచమన్నారు. గుండీలూ అంతే. పెద్ద మేడమ్ మాత్రం రోజూ ప్రార్థనలో ముందురోజు తను చేసిన తప్పులన్నీ చెప్పడం మొదలుపెట్టింది, అవి అయ్యేసరికి ఎదుగుదల పీరియడంతా అయిపోతోంది.

కొత్త పిడులు వచ్చిన రోజు సాయంత్రం గంట మోగేసరికి తోకపిల్ల ఇంకా ఆఖరి లెక్క దించుకుంటోంది. తమ్ముడు చూస్తుంటాడని కంగారుగా సంచీ సర్దుకుని తలుపు దగ్గరికి పరిగెత్తింది. పిడి మీద చెయ్యి వేయబోతుంటే అదే తిరిగింది. బయట పిడుగు నిలబడి ఉన్నాడు, ఒక్కడే.

"నేను వచ్చేదాకా నీ చోట్లోనే కూర్చోమన్నానుగా!"

"నువ్వు లేటు" అన్నాడు వాడు. "లోపలుండిపోయావేమోనని వచ్చా."

ఆ రాత్రి వాడి సంచీ సర్దుతూ అమ్మ కంపాసు పెట్టె తెరిచింది. పొద్దున్న అక్క కోసిచ్చిన రబ్బరు ముక్క అలాగే ఉంది.